గోడకు సున్నం వేస్తే పరువు పోతుందా?

– ఒక విద్యార్థి, తృతీయ బి.యస్సీ.

“ఇల్లు అలకగానే పండగ కాదు” అన్నారు పెద్దలు. తొందరపడవద్దని చెప్పటానికి ఆ మాట అన్నారు, సరే. కాని ఆ సామెతలోనే ఇంకో సంగతి కూడా వుంది. ఇల్లు అలకనిదే పండగ మొదలు కాదు. మరి ఆ అలికే చెయ్యి ఎవరిది? పండగనాడు కొత్త చొక్కా తొడుక్కుని ఫోటోకు నిలబడే మనదా? కాదు. ఏ ఇంట్లో చూచినా ఆ చెయ్యి అమ్మది, లేదా నాయనమ్మది, లేదా కూలికి వచ్చిన పెయింటరుది. డిగ్రీ చదువుతున్న కొడుకుది మాత్రం కాదు. ఈ విషయం మీద నాలుగు మాటలు రాయాలనే మన యూనియన్ సంచిక కోసం కలం పట్టాను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కాళ్లూ చేతులూ ఆడే ప్రతి విద్యార్థీ తన ఇంటి లోపలి గదులకు తానే రంగు వేసుకోవాలి. ఇల్లంతా కాకపోతే పోనీ, తాను పడుకొనే గదికైనా వేసుకోవాలి. నాలుగు డబ్బులు మిగులుతాయని మాత్రమే ఈ మాట అనడం లేదు. చదువు పెరిగేకొద్దీ చేతిపనికి దూరం జరగడం గొప్ప అనుకొనే జబ్బు మనలో చాలామందికి పట్టింది. దానికి గోడ దగ్గరే మంచి మందు దొరుకుతుందని నా నమ్మకం.

మాది పల్నాడులో మిరప, పత్తి పండించే కుటుంబం. మా పాత ఇంటి గోడలకు మొదట మా నాయనమ్మ, తర్వాత మా అమ్మ వెల్ల వేసేవారు. సంక్రాంతి నెల పట్టగానే పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చిన సున్నపు గడ్డలు తెచ్చి గాబులో వేసి నీళ్లు పోసేవారు. “దగ్గరికి రాకండిరా, కళ్లల్లో పడుద్ది” అని మమ్మల్ని అదిలించేవారు. ఆ గాబు బుసలు కొడుతూ ఉడికేది. మర్నాటికి చల్లారి వెన్నలాంటి ముద్ద అయ్యేది. దాన్ని పల్చన చేసి, గుడ్డతో వడగట్టి, గంజో తుమ్మజిగురో కలిపి, చిటికెడు నీలిమందు వేసేవారు. గోడ మీద ముందుగా నీళ్లు చిలకరించి, ఈతమట్ట కొస చితక్కొట్టి చేసిన కుంచెతో వెల్ల వేసేవారు. కింద జానెడు ఎత్తున ఎర్రమన్నుతో పట్టె తీసేవారు. ఇదంతా వంట చేసుకొంటూ, గేదెల పని చూచుకొంటూ, మిరప చేలో కూలీలకు అన్నం పంపుతూ చేసిన పని! దానికి కూలి లేదు సరికదా, అది పని అని కూడా ఎవరూ అనలేదు. “ఆడవాళ్లు ఇల్లు శుభ్రం చేసుకొంటున్నారు” అన్నారు, అంతే.

ఆ పనిలో ఎంత శాస్త్రం వుందో నాకు కాలేజీకి వచ్చాకగాని తెలియలేదు. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేటు. దాన్ని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే వేడి పుట్టి తడిసున్నం అవుతుంది. దాన్ని గోడకు పూస్తే గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని తిరిగి కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. అంటే పల్నాటి కొండలో రాయిగా వున్నది మా ఇంటి గోడ మీదికి వచ్చి మళ్లీ రాయే అవుతుందన్న మాట! ఈ మార్పు జరగడానికి తడి కావాలి, వ్యవధి కావాలి. ఎండకు ఒక్కసారిగా ఆరిపోతే రాయి కాక పొడి అవుతుంది, వీపు ఆనించిన వాడి చొక్కాకంతా అంటుతుంది. మా నాయనమ్మ ముందుగా గోడ తడిపింది అందుకే. ఆమెకు సమీకరణం రాదు. కాని ఫలితం తెలుసు.

ఇంకో వింత చూడండి. తడిమీద వున్నప్పుడు వెల్ల పల్చగా, వేసీ వేయనట్టు కనబడుతుంది. తెలియనివాడు కంగారుపడి మందంగా పూస్తాడు. తెలిసినవాళ్లు “ఆరనీ, తెల్లబడుద్ది” అంటారు. ఇది ఫిజిక్సు. సున్నపు రేణువు వక్రీభవన గుణకం సుమారు 1.6, నీటిది 1.33, గాలిది 1. రేణువుల మధ్య నీరు వున్నంతసేపు వెలుగు పెద్దగా చెదరదు. నీరు పోయి గాలి చేరగానే తేడా పెరిగి వెలుగు బాగా చెదురుతుంది, గోడ తెల్లగా మెరుస్తుంది. నేటి ఎమల్షను రంగుల్లో రేణువుల చుట్టూ గాలి బదులు సుమారు 1.5 గుణకం వున్న ప్లాస్టిక్ జిగురు వుంటుంది. దానిలో సున్నపుపొడి దాదాపు మాయమై పోతుంది. అందుకే 2.7 గుణకం వున్న టైటానియం డయాక్సైడు వేయవలసి వచ్చింది. దానికి ముడిసరుకైన ఇల్మనైటు మన శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలోనే వుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టే వక్రీభవనం మన పడకగది గోడ మీదే వుందని ఏ గైడూ చెప్పదు మరి!

ఊళ్లలో మట్టిగోడలు, రాతిగోడలు పోయి సిమెంటు డాబాలు వచ్చాక సున్నం స్థానంలో డిస్టెంపరు, దాని వెనుక ఎమల్షను వచ్చాయి. రంగులు మారితే మారాయి, నాకు అభ్యంతరం లేదు. కాని దానితోపాటు ఒక తమాషా జరిగింది. ఈతమట్ట కుంచె పట్టినన్నాళ్లూ అది ఆడవాళ్ల ఇంటిపని. చేతికి రోలరు రాగానే అది మగవాడి పని, కూలి వున్న పని అయిపోయింది. అమ్మ చేస్తే లెక్కలోకి రానిది బయటివారు చేస్తే లెక్కలోకి వచ్చింది. ఈ రెండింటి మధ్య ఇంట్లో ఎదిగిన మగపిల్లవాడు మాత్రం మంచం మీద కూర్చొని మొబైల్లో రీల్సు చూస్తూ “అక్కడ సరిగ్గా పడలేదు” అని వంకలు పెట్టే ఉద్యోగం సంపాదించుకొన్నాడు. ఆర్.కె. లక్ష్మణ్ 1954లో ఏషియన్ పెయింట్స్ కోసం గీసిన గట్టు ఎవరు? చేతిలో కుంచె, రంగు కారుతున్న డబ్బా పట్టుకొన్న ఒక అల్లరి పిల్లవాడు. ఏళ్ల తరబడి ఆ బొమ్మ చూచిన ఇళ్లల్లో అసలు పిల్లవాడికి కుంచె ఇచ్చినవారు ఎందరు?

ఈ మాట మిత్రులతో అంటే నాలుగు రకాల జవాబులు వచ్చాయి.

మొదటిది, “మనకు రాదు”. ఎందుకు రాదు? రైతుబిడ్డకైతే అసలే ఆ మాట చెల్లదు. ఎకరానికి ఎన్ని ట్యాంకులు, ట్యాంకుకు ఎంత మందు అని లెక్క వేసి మిరపకు మందు కొట్టేవాడికి రంగు లెక్క ఒక లెక్కా? 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గది వుందనుకోండి. చుట్టుకొలత 44 అడుగులు, గోడల వైశాల్యం 440 చదరపు అడుగులు. ఒక తలుపు, రెండు కిటికీలకు 45 తీసేస్తే 395. ఎమల్షను రకాన్నిబట్టి లీటరు రంగు రెండు పూతలకు సుమారు 100 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. 120 చొప్పున వేసుకొంటే మూడుంబావు లీటర్ల పైచిలుకు. నాలుగు లీటర్ల డబ్బా కొంటే సరిపోయి, మరకలు పడినచోట మళ్లీ దిద్దుకోవడానికి కాస్త మిగులుతుంది కూడా.

ఇక పని సంగతి. అసలు రంగు వేయడం ఆఖరి పని. దానికి ముందు గోడను చదవాలి. పాత సున్నం పొరలు పొరలుగా వుంటే గీకి తీసేయాలి. వూడిపోయే సున్నం మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఆ పొరతోపాటే ఊడి వస్తుంది. చెమ్మ వుందేమో చూడాలి. దానికి పెద్ద పరికరం అక్కరలేదు. ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రాత్రి వుంచి, తెల్లవారి దాని వెనుక నీటి బొట్లు కనబడితే ఆ గోడ ఇంకా ఆరలేదని అర్థం. చెమ్మ ఎక్కడి నుంచి వస్తున్నదో కనుక్కొని ముందు దాన్ని ఆపాలి. చెమ్మగోడకు రంగు వేయడమంటే పైన పటారం, లోన లొటారం! ఆ తర్వాత పగుళ్లకు లప్పం పెట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ఒక పూత ప్రైమరు వేయాలి. ముందు పైకప్పు, తర్వాత గోడలు. మూలలు, అంచులు కుంచెతో తీసుకొని, మధ్యభాగం రోలరుతో పైనుంచి కిందికి రావాలి. ఒక వరస తడి ఆరకముందే పక్క వరస దాన్ని కలుపుకొంటూ పోవాలి, లేకపోతే గీతలు పడతాయి. నాగలి పట్టినవాడికి ఇది చెప్పనక్కరలేదు. చాలు పక్కన చాలు వదలకుండా వేసుకుపోవడమే. మొదటి పూత పూర్తిగా ఆరాకనే రెండోది. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోరాదు. వానలు తగ్గి, మంచు కాలం వచ్చి, పగలు పొడిగా ఎండ కాసే రోజులు మంచివి. మన పెద్దవాళ్లు సంక్రాంతి ముందు వెల్ల వేసింది ముహూర్తం కోసం మాత్రమే కాదు.

కొన్ని జాగ్రత్తలు మాత్రం నవ్వులాట కాదు. సున్నపునీరు తీవ్రమైన క్షారం. కంట్లో పడితే చూపుకే ముప్పు. అద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోరాదు. పొరపాటున పడితే వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి. పాత తలుపులు, కిటికీ ఊచల మీది ఆయిలు పెయింట్లలో సీసం వుండే అవకాశముంది. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 మించకూడదని మన ప్రభుత్వం 2016లో నిబంధన చేసింది. అంతకు ముందు వేసిన పాత పొరలు ఇంకా మన తలుపుల మీదే వున్నాయి. వాటిని పొడిగా రుద్ది దుమ్ము లేపితే ఆ సీసం పసిపిల్లల ఒంట్లోకి పోతుంది, వాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. తడిపి రుద్దాలి, మాస్కు కట్టుకోవాలి, పిల్లల్ని, గర్భిణులను ఆ గది ఛాయలకు రానీయరాదు. అనుమానం వుంటే ఆ తలుపు జోలికే పోకపోవడం మేలు. ఈ సంగతులు ఇంట్లో చెప్పవలసింది సైన్సు చదివిన మనం కాక ఇంకెవరు?

రెండో జవాబు, “టైము లేదు”. ఒక గదికి గీకుడు, లప్పం, ప్రైమరు, రెండు పూతలు అన్నీ కలిపి, ఆరే వ్యవధితో సహా నాలుగైదు రోజుల పని. సంక్రాంతి సెలవులు వున్నాయి, వేసవి సెలవులు వున్నాయి. ఇక దీనిమీద చర్చ అనవసరం.

మూడో జవాబు కాస్త ఆలోచించవలసింది. “నువ్వు వేసుకొంటే పెయింటరు పొట్ట కొట్టినట్టు కాదా?” అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. బయటి గోడలు, పరంజా కట్టి ఎక్కవలసిన ఎత్తులు, మెట్లగది, ఇవన్నీ పనివాళ్లు చేయవలసిన పనులు. అక్కడ మనం సాహసం చేస్తే నడుం విరుగుతుంది. ఆ పనికి వాళ్లనే పిలవాలి. కాని ఒక్క గదికైనా స్వయంగా రంగు వేసినవాడు వాళ్లతో ఎలా మాట్లాడతాడో చూడండి. తల పైకెత్తి పైకప్పు వేస్తే మెడ ఏమవుతుందో వాడికి తెలుసు. లప్పం రుద్దిన దుమ్ము గొంతులో ఎలా వుంటుందో తెలుసు. అలాంటివాడు యాభై రూపాయల కోసం సాయంత్రం దాకా బేరమాడడు. పని చేసేవారికి గుక్కెడు మంచినీళ్లు ఇవ్వడానికి వేరే గ్లాసు వెదకడు. కూలివాని శ్రమను తక్కువ చేసేది కుంచె పట్టిన చెయ్యి కాదు, ఎన్నడూ పట్టని చెయ్యి.

నాలుగో జవాబు అసలైనది. ఎవరూ పైకి చెప్పరు. అది పరువు. “బి.యస్సీ. చదివి గోడలకు సున్నం కొడుతున్నాడు” అని వీధిలో అంటారేమోనన్న భయం. తలమీద సున్నం చుక్క పడితే వెనకటి రోజుల్లో సున్నం బొట్లు పెట్టి గాడిదనెక్కించి ఊరేగించినంత అవమానం! ఏ పని ఎవరు చేయాలో పుట్టుకతోనే నిర్ణయించిన దేశం మనది. చేతికి మట్టి అంటేవాడు తక్కువ, అంటనివాడు ఎక్కువ అన్న పాత లెక్కను మనం పుస్తకాల్లో తిడతాం, ఇంట్లో పాటిస్తాం. 1969లో మొదలైన ఎన్.ఎస్.ఎస్. క్యాంపుల్లో మనవాళ్లు పల్లెటూరి బడిగోడలకు ఉత్సాహంగా సున్నం వేస్తారు, ఫోటోలు దిగుతారు, సర్టిఫికెట్లు పుచ్చుకొంటారు. ఇంటికి వచ్చి అమ్మ నిచ్చెన ఎక్కితే కనీసం నిచ్చెన పట్టుకోరు. బ్యానరు వుంటే సేవ, బ్యానరు లేకపోతే నామోషీనా?

గాంధీగారు దక్షిణాఫ్రికాలో బారిస్టరుగా వున్న రోజుల్లో తన బట్టలు తానే ఉతికి గంజి పెట్టుకొన్నారు. మొదటిసారి పెట్టిన గంజి కాలరు నుంచి రాలుతుంటే కోర్టులో తోటి బారిస్టర్లు నవ్వారట. ఆ సంగతి ఆయనే ఆత్మకథలో రాసుకొన్నారు. ఆయన సిగ్గుపడలేదు, నవ్వించినందుకు సంతోషించారు. బారిస్టరుకు పోని పరువు మనకు పోతుందా?

2025 మొదట్లో మిర్చి ధర పడిపోయిన సంగతి మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఆ ఏడాది మా నాన్న “ఈసారి రంగుల మాట ఎత్తకండి” అన్నారు. కల్లంలో కాయలు చూస్తూ అన్న ఆ మాటకు మేము ఎదురు చెప్పలేదు. మా చెల్లెలూ నేనూ కలిసి సెలవుల్లో లోపలి రెండు గదులకు రంగు వేశాము. గీకుడు పని నాది, అంచులు తీయడం దానిది. దాని చెయ్యి నాకన్నా నిదానం. మా అమ్మ మొదటి రోజు గుమ్మంలో నిలబడి “లేవండి, నేను చేస్తా” అంటూనే వుంది. రెండో రోజుకు కుర్చీ వేసుకొని కూర్చొని మాకు పనులు పురమాయించసాగింది. పక్కింటాయన వచ్చి “ఏరా, పెయింటింగు కాంట్రాక్టు మొదలెట్టావా?” అని ఎగతాళి చేశాడు. “మీ ఇంటికి కూడా వేస్తాలే బాబాయ్, ముందు చెమ్మ సంగతి చూచుకో” అన్నాను. మరుసటి వారం ప్లాస్టిక్ కాగితం, టేపు పట్టుకొని ఆయనే మా ఇంటికి వచ్చాడు. పరువు పోయింది మాకా, వచ్చింది మాకా మీరే చెప్పండి.

ఏ రంగు వేయాలన్నది ఎవరిష్టం వారిది. పాత మట్టిగోడలు, రాతిగోడలు వున్నవారికి మాత్రం ఒక మనవి. అవి లోపలి చెమ్మను బయటికి వదులుతూ బతికే గోడలు. వాటికి సున్నమే తగినది. ఆరిన సున్నం ఆవిరిని పోనిస్తుంది, దాని క్షారగుణం వల్ల కొత్తలో బూజు అంత తేలికగా పట్టదు. మెరుపు కోసం వాటి మీద ప్లాస్టిక్ పొర కప్పితే చెమ్మ దారి మూసినట్టవుతుంది. సిమెంటు గోడలున్నవారు గోడ పూర్తిగా ఆరిన తర్వాత ఎమల్షను వేసుకోవచ్చు. కొత్త గోడకు తొందరపడి వేస్తే లోపలి క్షారం, లవణాలు రంగును పాడుచేస్తాయి. గృహప్రవేశం ముహూర్తం కోసం పచ్చిగోడకు రంగు పూసి, ఏడాది తిరక్కముందే పెచ్చులు రాలుతున్నాయని రంగును తిట్టేవాళ్లను చాలామందిని చూచాను. తప్పు రంగుది కాదు, గోడను ఆరనివ్వని తొందరది.

మిత్రులారా! మనం చదివే చదువు ఉద్యోగం కోసమే అయితే ఈ వ్యాసం పేజీ తిప్పేయండి. చదువు మనిషి కోసం అనుకొంటే మాత్రం ఈ సెలవుల్లో ఒక్క గది ఎన్నుకోండి. కొలత వేయండి, గోడ చూడండి, చెల్లెళ్లను, తమ్ముళ్లను కూడా కలుపుకోండి. మన ఇళ్లల్లో ఇన్నేళ్లూ ఈ పని చేసిన ఆడవాళ్లను ఆ నాలుగు రోజులూ కూర్చోబెట్టి, ఎలా చేయాలో వాళ్లనే అడగండి. వాళ్లకు తెలిసింది మన పాఠాల్లో లేదు, మన పాఠాల్లో వున్నది వాళ్లకు ఎవరూ చెప్పలేదు. రెండూ ఒకచోట కలవడానికి నాలుగు గోడలున్న గది చాలు. కాలేజీ తెరిచాక గోళ్ల సందుల్లో ఇంకా తెల్లగా కనిపించే చేతులతో ఎంతమంది క్లాసుకు వస్తారో చూద్దాం. ఆ చేతుల్ని జేబుల్లో దాచుకోకుండా వచ్చిన రోజున మన చదువుకు ఒక అర్థం వచ్చిందని నేను నమ్ముతాను.